విడిపోయినవాటి లెక్క

మేమిద్దరం కోయ పిల్లలం. శబరి ఒడ్డున పక్కపక్క ఊళ్లలో పుట్టాం. ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు ఒకే గైడు దగ్గర భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాం. మా పరిశోధన పేరు తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది: వదులుగా కట్టుబడిన అరుదైన కేంద్రకాలు దేన్నయినా ఢీకొన్నప్పుడు ఎలా విడిపోతాయో లెక్కగట్టే సిద్ధాంత నమూనాలు.

ఈ పేరు చెప్పగానే మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఊళ్లో అడిగేది, "దీనికి కొలువు వస్తదా?" అని. పట్నంలో అడిగేది వేరు. "ఇంత చదివారు కదా, మీవాళ్ల మీద ఏదైనా చేయొచ్చు కదా? మీ పాటలు, మీ పండుగలు, మీ ఆకుపసర్లు..." అంటారు. మొదటి ప్రశ్న కడుపులోంచి వచ్చింది, దాన్ని తప్పు పట్టలేం. రెండోదానికి జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాం.

మా మీద పరిశోధన చేయడానికి జీపుల్లో వచ్చినవాళ్లను చిన్నప్పటి నుంచి చూశాం. మా పెళ్లిళ్లు ఎట్లా జరుగుతాయో, విజ్జ పండుం నాడు ఏం చేస్తామో, ఏ ఇంటిపేరుకు ఏ వేల్పో అన్నీ రాసుకుని వెళ్లారు. వాటిలోంచి కొన్ని మంచి పుస్తకాలు కూడా వచ్చాయి. కానీ "మీకు ఏం తెలుసుకోవాలని ఉంది?" అని మమ్మల్ని అడిగినవాళ్లు తక్కువ. మాకు తెలుసుకోవాలని ఉన్నది ఇది: ఒక వస్తువు ఎంత వదులుగా కట్టి ఉన్నా, ఎక్కడి దాకా అది ఒకే వస్తువు? ఎక్కడ అది రెండు అవుతుంది?

పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు బిగుతుగా ముద్దకట్టి ఉంటాయి. మామూలు కేంద్రకంలోంచి ఒక న్యూట్రాన్‌ను ఊడబెరకాలంటే దాదాపు 8 ఎంఈవీ శక్తి కావాలి. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల లోకంలో శక్తిని కొలిచే కుంచం. కానీ కొన్ని కేంద్రకాల్లో చివరి న్యూట్రాన్ అంత బిగుతుగా ఉండదు. బెరీలియం-11లో చివరి న్యూట్రాన్ ఊడటానికి 0.5 ఎంఈవీ చాలు. లిథియం-11లో చివరి రెండు న్యూట్రాన్లూ కలిసి ఊడటానికి 0.37 ఎంఈవీ చాలు. మనకు మామూలుగా దొరికే లిథియంలో న్యూట్రాన్లు 3 గానీ 4 గానీ ఉంటాయి. లిథియం-11లో 8 ఉంటాయి. మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎత్తుకున్న కేంద్రకం అది.

1985లో ఇసావో తనిహత అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు అమెరికాలోని బర్క్‌లీలో లిథియం కేంద్రకాలను ఒక్కో న్యూక్లియాన్‌కు 790 ఎంఈవీ శక్తితో పరుగెత్తించి, వేరే కేంద్రకాల మీదికి పంపి వాటి పరిమాణం కొలిచారు. లిథియం-9 వ్యాసార్ధం సుమారు 2.3 ఫెర్మీలు వచ్చింది. ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్ల వంతు. రెండు న్యూట్రాన్లు ఎక్కువున్న లిథియం-11 కొంచెమే పెద్దదిగా ఉండాలి. కానీ అది 3 ఫెర్మీలు దాటిపోయింది. రెండేళ్ల తర్వాత, 1987లో, హాన్సెన్, జాన్సన్ అనే ఇద్దరు దానికి కారణం చెప్పారు. ముద్ద మొత్తం ఉబ్బలేదు. నడుమ లిథియం-9 మామూలుగానే ఉంది. చివరి రెండు న్యూట్రాన్లు మాత్రం దానికి చాలా దూరంగా, పలచగా పరుచుకుని ఉన్నాయి.

దీనికి ఇంగ్లీషులో హేలో అని పేరు పెట్టారు. మనకు ఆ మాట కొత్త కాదు. వానాకాలం రాత్రి చంద్రుడి చుట్టూ కట్టే గుడి అదే. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని పెద్దలు అంటారు కదా. మేం మా నోటుబుక్కుల్లో వీటిని ‘గుడి కట్టిన కేంద్రకాలు’ అనే రాసుకుంటాం.

గుడి ఎంత దూరం కడుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. న్యూట్రాన్ ఒకచోట కూర్చున్న గింజ లాంటిది కాదు. అది ఒక అల, కేంద్రకం అంచు దాటాక కూడా ఆ అలకు ఒక తోక ఉంటుంది. బంధన శక్తి తగ్గేకొద్దీ ఆ తోక పొడవవుతుంది, వర్గమూలం లెక్కన. బంధం 8 ఎంఈవీ నుంచి 0.5కి పడిపోతే, అంటే 16వ వంతు అయితే, తోక 4 రెట్లు పొడవవుతుంది. సుమారు 1.7 ఫెర్మీలు ఉండవలసినది దాదాపు 6.7 ఫెర్మీలు అవుతుంది. కేంద్రక బలం చేయి చాచినా అందనంత దూరంలో ఆ న్యూట్రాన్ సగానికి పైగా కాలం గడుపుతుంది. అయినా అది ఆ కేంద్రకానిదే. బయట తిరుగుతుంది కాబట్టి బయటిది అనడానికి వీల్లేదు.

లిథియం-11లో ఇంకో విచిత్రం ఉంది. లిథియం-9కి ఒక్క న్యూట్రాన్ చేరిస్తే నిలవదు. రెండు న్యూట్రాన్లను మాత్రమే కలిపినా నిలవవు. మూడూ కలిస్తేనే నిలుస్తాయి. చేనులో మూడు వెదురు కర్రలను పైన ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి చూడండి. నిలబడతాయి. ఏ ఒక్కటి తీసినా మిగతా రెండూ పడిపోతాయి. హీలియం-6 కూడా ఇట్లాంటిదే.

ఇదంతా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక తాతకు కోయలో చెప్పాం. ఆయన ఓపిగ్గా విని, "విరగ్గొట్టి చూడటమేనా మీ చదువు? విరగ్గొట్టకుండా చూడలేరా?" అన్నాడు. మా సెమినార్లలో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. జవాబు ఏమిటంటే, వీటిని ఒకచోట పెట్టి చూసే టైము లేదు. బెరీలియం-11 అర్ధాయువు 13.8 సెకన్లు. లిథియం-11ది సెకనులో వందో వంతు కూడా లేదు. పుట్టించిన వెంటనే పరుగెత్తించి, సీసం రేకు మీదికో కార్బన్ రేకు మీదికో పంపి, అవతలికి ఏమేం వచ్చాయో పట్టుకోవాలి. వెదురు చీల్చినప్పుడు ఎటు చీలింది, ఎంత తేలిగ్గా చీలింది అనే దాన్నిబట్టి దాని ఈనె తెలుస్తుంది. వీటి సంగతి కూడా అంతే.

విడగొట్టే దారులు రెండు. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు ఉంటాయి, దాని విద్యుత్ బలం దూరం నుంచే పనిచేస్తుంది. బెరీలియం-11 దాని పక్కగా పోతుంటే లోపలి బెరీలియం-10కి ధనావేశం ఉంది కాబట్టి అది పక్కకు నెట్టబడుతుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, అది తన దారిన పోతుంది. నడిమిది ఒకవైపు, గుడి ఒకవైపు. తాకకుండానే విడిపోయాయన్నమాట. 1994లో జపాన్‌లోని రైకెన్ సంస్థలో బెరీలియం-11ను సీసం మీదికి పంపి ఇట్లా విడిపోవడాన్ని కొలిచారు. రెండో దారి, కార్బన్ లాంటి తేలిక కేంద్రకాన్ని దగ్గరగా రాసుకుపోవడం. అక్కడ కేంద్రక బలమే న్యూట్రాన్‌ను లాగేస్తుంది. నిజంగా ఢీకొన్నప్పుడు ఈ రెండూ కలిసే జరుగుతాయి. రెండు అలలు ఒకచోట కలిస్తే కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల చెరిగిపోతాయి. అందుకే విడివిడిగా లెక్కగట్టి కూడితే సరిపోదు.

ఇక్కడే సిద్ధాంతం చేసేవాళ్ల పని మొదలవుతుంది. మా చేతిలో యంత్రం ఉండదు. సమీకరణాలు, కంప్యూటరు, రాత్రిళ్లు. ప్రయోగశాలలో లెక్కపెట్టేది అవతలికి వచ్చిన ముక్కలను మాత్రమే. ఆ ముక్కలను చూసి, విడిపోకముందు గుడి ఎట్లా ఉండేదో చెప్పాలంటే నడుమ జరిగినదానికి ఒక నమూనా కావాలి.

అసలు కష్టం ఎక్కడంటే, న్యూట్రాన్ కట్టుబడి ఉన్నప్పుడు దాని శక్తి ఒక నిర్ణీత విలువ. విడిపోయాక ఏ విలువైనా కావచ్చు. 0.1 కావచ్చు, 0.11 కావచ్చు, వాటి నడుమ ఏదైనా కావచ్చు. లెక్కలేనన్ని స్థితులు. కంప్యూటరుకు లెక్కలేనన్ని అంటే పని జరగదు. 1974లో అమెరికాలోని కనెక్టికట్‌లో జార్జ్ రావిట్‌షర్ అనే శాస్త్రవేత్త డ్యూటెరాన్ విషయంలో ఈ చిక్కుకు ఒక దారి చూపాడు. డ్యూటెరాన్ అంటే ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన జంట, దాని బంధం 2.2 ఎంఈవీ మాత్రమే. తర్వాత 1980లలో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయం వాళ్లు ఆ దారిని పూర్తిగా వేశారు. దాన్ని పరిశోధకులు సీడీసీసీ అంటారు.

కల్లంలో పోసిన వడ్ల రాశిని గింజగింజా లెక్కపెట్టలేం. మానికతో కొలుస్తాం. ఇదీ అట్లాగే. విడిపోయిన స్థితుల రాశిని శక్తి ప్రకారం చిన్నచిన్న గడులుగా కొలుస్తారు. ఒక్కో గడికి ఒక్కో అల. ఆ తర్వాత కట్టుబడిన స్థితిని ప్రతి గడితోనూ, ప్రతి గడిని మిగతా అన్ని గడులతోనూ కలిపి వందల సమీకరణాలను ఒక్కసారే సాధిస్తారు. ఎందుకంటే విడిపోయిన న్యూట్రాన్ ఒక్క గడిలోనే ఉండిపోదు. ఇంకా సీసం దగ్గరే ఉన్నప్పుడు వేరే గడిలోకి మారొచ్చు, మళ్లీ వెనక్కి వచ్చి కట్టుబడనూవచ్చు.

మానికతో కొలిచింది సరైనదేనా అని ఎట్లా తెలుస్తుంది? సోలతో కొలిచి చూడాలి, గిద్దతో కొలిచి చూడాలి. కొలపాత్ర చిన్నదయ్యేకొద్దీ జవాబు మారడం ఆగిపోతే ఆ లెక్కను నమ్మొచ్చు. మా పనిలో ఎక్కువ రోజులు దీనికే పోతాయి. గడులు సన్నం చేస్తాం, శక్తి హద్దు పెంచుతాం, మళ్లీ నడుపుతాం. కేంద్రకాలు చాలా వేగంగా పోతున్నప్పుడు ఇంత శ్రమ లేని దగ్గరి దారులు ఉన్నాయి. తనిహత వాళ్ల ప్రయోగంలో కేంద్రకాలు కాంతి వేగంలో 84 శాతం వేగంతో పోయాయి. అంత వేగంలో, దాటిపోయే ఆ క్షణంలో న్యూట్రాన్ కదలనట్టే అనుకోవచ్చు. నెమ్మదిగా పోయేటప్పుడు అట్లా అనుకుంటే జవాబు దారి తప్పుతుంది. ఇంకో చిక్కు, నడుమనున్న బెరీలియం-10 కూడా రాయి కాదు. దానికి 3.37 ఎంఈవీ అందితే అదీ పై స్థితికి పోతుంది. దాన్ని కదలని ముద్దగా తీసుకున్న నమూనాలకు ఒక హద్దు ఉంది, కాబట్టి దాన్ని కూడా కదలనిచ్చే నమూనాలు వచ్చాయి.

ఇంత చెప్పింది ఒక్క విషయం కోసం. ఢీకొన్న కేంద్రకాలన్నీ విడిపోవు. చాలావరకు చెక్కుచెదరకుండా పక్కకు తిరిగి బయటికి వస్తాయి. విడిపోనివాటిని లెక్కగట్టడానికి విడిపోయినవాటితో పనేమిటి అనిపిస్తుంది. 2010లో అచ్చయిన ఒక ప్రయోగం దీనికి గట్టి జవాబు ఇచ్చింది. యూరప్‌లో బెరీలియం-9, 10, 11 కేంద్రకాలను జింక్ మీదికి పంపారు. విడిపోకుండా వచ్చినవాటినే, ఏ కోణంలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టారు. బెరీలియం-9, 10 అనుకున్నట్టే నడిచాయి. గుడి కట్టిన బెరీలియం-11 మాత్రం చాలా కోణాల్లో బాగా తక్కువ వచ్చింది. దాని మొత్తం చర్యల అవకాశం మిగతా రెంటికన్నా రెట్టింపు దాటింది. విడిపోయే స్థితులను వదిలేసి లెక్కగడితే ఈ ఫలితం అర్థం కాదు. వాటిని కలిపితేనే కుదురుతుంది. విడిపోయినవాటికి లెక్కలో చోటివ్వకుండా, విడిపోకుండా నిలిచినవాటిని కూడా సరిగా లెక్కగట్టలేం.

ఈ మాట మాకు పేపర్లలో చదవకముందే తెలుసేమో అనిపిస్తుంది. ఆశ్రమ పాఠశాలలో మాతో ఆరో తరగతిలో చేరినవాళ్లలో పదో తరగతి పరీక్ష రాసింది సగం మందే. బోర్డు మీద సుద్దముక్కతో రాసిన ఉత్తీర్ణత శాతం మాత్రం పరీక్ష రాసినవాళ్లదే. ఆ శాతం గొప్పగా ఉండేది. జ్వరానికి ఇంటికి పోయి తిరిగి రానివాళ్లు, అక్క పెళ్లికి పోయి పశువుల వెంట ఉండిపోయినవాళ్లు, పత్తి చేలకు పోయినవాళ్లు ఆ అంకెలో లేరు. వాళ్లు ఎందుకు పోయారో తెలియకుండా మేం ఎట్లా నిలిచామో ఎవరికి తెలుస్తుంది? మేం తెలివైనవాళ్లం కాబట్టి నిలిచామని మా సార్లు అనేవారు. పోయినవాళ్లలో మాకన్నా లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఉన్నారు.

2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మావి ముంపు ఊళ్లు. పునరావాసం జాబితా రాయడానికి వచ్చినరోజు మా ఊళ్లో సగం మంది మిరపకాయ కోతలకు పోయి ఉన్నారు. ఇళ్లలో ఉన్నవాళ్లను రాసుకున్నారు. కోతల నుంచి తిరిగొచ్చి పేరు కోసం తిరిగినవాళ్లలో కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. దాని ఫలితం పేరు లేనివాళ్లకే పరిమితం కాలేదు. పేరున్న ఒక అవ్వకు కాలనీలో ఇల్లు ఇచ్చారు. పేరు లేని ఇద్దరు కొడుకుల కుటుంబాలు కూడా ఆ ఇంట్లోనే ఉంటున్నాయి. కాగితం మీద అది ఒక అవ్వ, ఒక ఇల్లు. అన్నం వండేది మూడు సంసారాలకు. లేనివాళ్లను వదిలేసిన లెక్క ఉన్నవాళ్ల విషయంలో కూడా తప్పయింది.

ఈ పోలికను ఇక్కడే ఆపుతాం. కేంద్రకం తెగ కాదు, న్యూట్రాన్ మనిషి కాదు. న్యూట్రాన్‌కు ఊరి మీద బెంగ ఉండదు. మమ్మల్ని అంచున వేలాడే బలహీనులుగా చూపడానికి ఈ భౌతికశాస్త్రాన్ని ఎవరైనా వాడుకుంటే మేం ఒప్పుకోం. పైగా లెక్క అట్లా చెప్పదు కూడా. లిథియం-11ను దాని మానాన వదిలేస్తే దాని గుడి దానంతట అది ఊడిపోదు. అది బతికినంతసేపు కట్టుబడే ఉంటుంది. 0.37 ఎంఈవీ చిన్న అంకె కావచ్చు, కానీ సున్నా కాదు. వదులుగా ఉండటం వేరు, తెగిపోవడం వేరు. విడిపోవాలంటే బయటినుంచి ఒక బలం రావాలి. తెలుగులో ‘విడిపోవడం’, ‘విడదీయడం’ అని రెండు మాటలున్నాయి. సీసం పక్కన బెరీలియం-11కు జరిగేది రెండోది. నమూనా రాసేటప్పుడు ఆ బలం ఎవరిది, ఎటు నుంచి వచ్చింది, ఎంతసేపు పనిచేసింది అని రాయకపోతే సమీకరణమే పూర్తికాదు.

దీనివల్ల లోకానికి ఏం లాభం అనేవాళ్లకు సూర్యుడిని చూపిస్తాం. సూర్యుడి లోపల బెరీలియం-7ను ఒక ప్రోటాన్ చేరి బోరాన్-8 అవుతుంది. అందులో ప్రోటాన్ బంధం 0.137 ఎంఈవీ మాత్రమే. ఆ బోరాన్-8 నుంచి వచ్చే న్యూట్రినోలనే భూమి లోపలి గనుల్లో పెట్టిన పరికరాలు పట్టుకున్నాయి. సూర్యుడిలో అది ఎంత తరచుగా పుడుతుందో నేరుగా కొలవడం కష్టం, ఆ తక్కువ శక్తి దగ్గర అది చాలా అరుదుగా జరుగుతుంది. 1986లో బౌర్, బెర్తులాని, రేబెల్ అనే ముగ్గురు ఒక ఉపాయం చెప్పారు. కలవడాన్ని చూడలేకపోతే విడిపోవడాన్ని చూడండి అన్నారు. ఆ ఉపాయంతో బోరాన్-8ను సీసం పక్కగా పంపి, ప్రోటాన్ ఎట్లా విడిపోతుందో కొలిచి, దాన్ని వెనక్కి తిప్పి చదివారు. ఎట్లా విడిపోయిందో సరిగా తెలిస్తే ఎట్లా కలిసిందో కూడా తెలుస్తుంది. కానీ వెనక్కి తిప్పి చదవాలంటే నడుమ నమూనా సరిగా ఉండాలి. మా రోజులు అక్కడ గడుస్తున్నాయి.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. ముంబయిలోని పెలెట్రాన్ యాక్సిలరేటర్ దగ్గర లిథియం-6, లిథియం-7, బెరీలియం-9 వంటి వదులు కేంద్రకాలతో ఎన్నో ప్రయోగాలు చేశారు. ఇవి గుడి కట్టినవి కావు, స్థిరమైనవే. అయినా లిథియం-6 రెండు ముక్కలు కావడానికి 1.47 ఎంఈవీ చాలు. ఇవి బరువైన కేంద్రకంతో పూర్తిగా కలిసిపోవలసినచోట, ముందే విడిపోవడం వల్ల ఆ కలయిక తగ్గుతుందని ఆ కొలతలు చూపాయి.

పట్నంలో అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇంతే. మా పాటల మీద, మా పండుగల మీద మావాళ్లు రాస్తున్నారు, ఈ పుస్తకంలోనే ఉన్నాయి, చదవండి. మేం కేంద్రకాల మీద రాస్తాం. కోయ పిల్లలు కోయల గురించే రాయాలని ఎవరైనా గిరి గీస్తే ఆ గిరి లోపల మేం కూర్చోం. ఊళ్లో అడిగిన ప్రశ్నకు మాత్రం మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫెలోషిప్పు ఉన్నన్నాళ్లు ఇంటికి కొంత పంపుతున్నాం. తర్వాతి సంగతి తర్వాత చూస్తాం.

ఆశ్రమ పాఠశాలల్లో ఈ వ్యాసం చదివే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక పని చెబుతున్నాం. కేంద్రకానికి, బంధానికి, అలకు, గుడికి మీ ఇంటి భాషలో ఏమంటారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. కోయలో మేం రాస్తున్నాం. సవరలో, కొలామీలో, గోండిలో, లంబాడీలో మీరు రాయండి. మాట దొరకనిచోట ఖాళీ వదలండి, ఆ ఖాళీని కూడా లెక్కపెట్టండి. సెలవుల్లో వచ్చినప్పుడు మా నోటుబుక్కులు తెస్తాం, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.